మంచులోకి పోయే నెల్లూరోళ్లకి నాలుగు ముక్కలు

డిసెంబరు వచ్చిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. కావలి నుంచి, గూడూరు నుంచి, ఇక్కడ వేదాయపాళెం నుంచి, అంతా పాతికేళ్ల లోపు పిల్లలే. సంక్రాంతి సెలవలకి ఉత్తరాఖండ్‌లో మంచు ట్రెక్కులైన కేదార్‌కంఠకో, బ్రహ్మతాల్‌కో, కశ్మీర్‌లో గుల్మార్గ్‌కో పోతున్నారు. జాకెట్ ఎక్కడ కొనాలి, బూట్లు అద్దెకి దొరుకుతాయా, పైన సిగ్నల్ ఉంటుందా, ఇవే ప్రశ్నలు. అవలాంచ్ సంగతి, అంటే వాలు మీది మంచు విరిగి కిందికి జారి పడే సంగతి, ఒక్కడూ అడగడు. నేనే కదిపితే "అదంతా ఎవరెస్ట్ ఎక్కేవాళ్లకి కదన్నా" అంటారు. మొన్న మా మేనల్లుడిదీ అదే పాట.

"మామా, పండక్కి కేదార్‌కంఠ పోతా ఉండాం. సేఫే గదా?"

"ఎవురు చెప్పార్రా సేఫని?"

"మా రూమ్మేట్ పోయినేడు పోయొచ్చాడు. ఏం కాలేదంట."

పోయినేడు వాడికేం కాలేదు కాబట్టి ఈ ఏడు వీడికేం కాదు! ఈ లెక్క విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఒక ట్రెక్ మొత్తానికి సేఫ్ అని ముద్ర వేసి ఇచ్చేవాడు ఎవడూ లేడు. ఈ వాలు, ఇవ్వాళ, ఈ గంటలో దాటొచ్చా అని అడిగితే దానికి జవాబు వెతకొచ్చు. మంగళవారం వందమంది నడిచిపోయిన వాలే, బుధవారం రాత్రి రెండడుగుల మంచు పడ్డాక, గురువారం ఇద్దరు కాలు పెట్టగానే కిందికి రావచ్చు. నేను నిపుణుణ్ణేం కాదు, చాలా ఏళ్ల కిందట మనాలీలో పర్వతారోహణ బేసిక్ కోర్సు చేశాను, ఆ తర్వాత చలికాలంలో అప్పుడప్పుడూ పోయొస్తుంటాను, అంతే. కానీ ఈ నాలుగు ముక్కలు తెలియకుండా మంచులోకి పోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, అవలాంచ్‌లో చనిపోయినవాళ్ల ప్రమాదాలు తిరగేసి చూస్తే పదింట తొమ్మిదింట్లో ఆ మంచుని కదిలించింది చనిపోయినవాళ్లో, వాళ్లతో ఉన్నవాళ్లో. కొండ దానంతటదే మీద పడింది తక్కువ. వినడానికి కష్టంగా ఉన్నా నాకు ఇందులోనే ధైర్యం కనిపిస్తుంది, ఎందుకంటే కదిలించేది మనమే అయితే కదిలించకుండా ఉండటమూ మన చేతిలోనే ఉన్నట్టు. అన్నట్టు, అరిస్తే మంచు విరిగి పడుతుందని సినిమాల్లో చూపిస్తారే, అది ఉత్తిదే. మనిషి గొంతుకి అంత బలం లేదు. మనిషి బరువుకి ఉంది.

ఇక వాలు. పలకలు పలకలుగా విరిగి జారే అవలాంచ్‌లే మనుషుల్ని ఎక్కువగా చంపుతాయి, అవి దాదాపు అన్నీ 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే మొదలవుతాయి. అంతకంటే తక్కువైతే జారడానికి సాధారణంగా ఊపు చాలదు, బాగా నిటారుగా ఉంటే అసలు అంత మందాన నిలవదు, పడ్డది పడ్డట్టు రాలిపోతుంటుంది. ఇబ్బందేంటంటే ఈ మధ్యలో ఉన్న వాలే స్కీయింగ్‌కి బాగుంటుంది, ఫొటోకి బాగుంటుంది, పైకి అడ్డదారి కూడా చాలాసార్లు అందులోంచే పోతుంది. కంటితో చూసి డిగ్రీలు చెప్పడం ఎవరి వల్లా కాదు. ఫోన్‌లో వాలు కొలిచే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి, ట్రెక్కింగ్ కర్రని వాలు మీద పడుకోబెట్టి దాని మీద ఫోన్ పెడితే సరిపోతుంది. ఉదయగిరి దుర్గం ఎక్కినప్పుడు మా వాళ్లతో ఇదే ఆట ఆడించాను, ఎన్ని డిగ్రీలో చెప్పండ్రా అని. యాభై అన్నవాడు ఒకడు, అరవై అన్నవాడు ఒకడు, కొలిస్తే ముప్ఫై దాటలేదు. ఇక్కడ ఎండలో నేర్చుకుంటే అక్కడ చేతులు కొంకర్లు పోయే చలిలో తడుముకోనక్కర్లేదు.

మనం నిలబడ్డ చోటు చదునుగా ఉంది కదా అని నిమ్మళంగా ఉండటానికీ లేదు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్ నుంచి నాథులా పోయే రోడ్డు దగ్గర మంచు విరిగి పడి ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. వాళ్లు ఏ శిఖరమూ ఎక్కలేదు. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లో బదరీనాథ్ అవతల మాణా దగ్గర రోడ్డు పనివాళ్ల క్యాంపు మీదికి వచ్చింది. 46 మందిని బయటికి తీయగలిగారు, 8 మంది చనిపోయారు. పొట్టకూటికి పోయినవాళ్లు, పొద్దున్నే కంటైనర్లలో ఉన్నవాళ్లు. కాబట్టి టెంటు వేసే ముందు, టీ తాగడానికి ఆగే ముందు, ఒక్కసారి తల పైకెత్తి ఆ పైన ఏ వాలు వేలాడుతోందో చూడండి. అడవిలో నిలువుగా ఒక పట్టీ మేర చెట్లు లేకపోయినా, ఉన్న చెట్లకి కొండవైపు కొమ్మలు విరిగిపోయి ఉన్నా అది మంచు దిగే దారి. అక్కడ ఆగకూడదు, ఎంత మంచి వ్యూ అయినా సరే.

మంచు ఒకటే ముద్ద అనుకుంటాం మనం. ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడని ఊరోళ్లం కదా! కోర్సులో ఉస్తాద్ (అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌ని అందరూ అట్లానే పిలుస్తారు) పారతో నడుం లోతు గొయ్యి తీయించి, ఒక గోడని నున్నగా చెక్కి, గ్లవుజు తీసి వేళ్లతో పైనుంచి కిందికి పొడుచుకుంటూ రమ్మన్నాడు. పైన జానెడు మేర వేళ్లు నాలుగూ దిగిపోయాయి, దాని కింద ఒక్క వేలే దిగింది, ఆ కింద గట్టిగా పెన్సిలు గుచ్చితే తప్ప దిగలేదు. ఇంకా కిందికి, నేల దగ్గరికి పోయేసరికి చెయ్యి మొత్తం సులువుగా లోపలికి పోయింది. అక్కడి మంచు పిడికిట్లోకి తీసుకుంటే ముద్ద కాదు, గలగలా వేళ్ల సందుల్లోంచి రాలిపోతుంది, ఒక్కో పలుకు ఎండలో మెరుస్తుంది. అదే అసలు శత్రువు.

అది ఎట్లా తయారవుతుందంటే, నవంబరులోనో డిసెంబరులోనో కొంచెం మంచు పడి తర్వాత వారాల తరబడి ఆకాశం తేటగా ఉందనుకోండి. పల్చటి మంచు పొర, పైన కొరికే చలి, కింద నేల దగ్గర మాత్రం సున్నాకి దగ్గరగా. ఆ తేడాకి కింది నుంచి ఆవిరి పైకి పోతూ మంచు పలుకుల ఆకారమే మార్చేస్తుంది, ఒకదాన్నొకటి పట్టుకోని గరుకు పలుకులు అవుతాయి. ఆ తర్వాత జనవరిలో పశ్చిమం నుంచి వాతావరణ అలజడి వచ్చి, అదే టీవీల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారే, ఒక్క రాత్రిలో అడుగో రెండడుగులో కొత్త మంచు దాని నెత్తిన పడేస్తుంది. అడుగున పట్టులేదు, పైన బరువు. సరిగ్గా మన సంక్రాంతి సెలవలప్పుడే ఇదంతా జరుగుతుంటుంది.

ఉస్తాద్ ఆ గోడలోంచి అడుగు పొడవు అడుగు వెడల్పు స్తంభం ఒకటి కోసి, మీద పార పెట్టి అరచేత్తో కొట్టాడు. ముందు పది దెబ్బలు మణికట్టు నుంచి, ఏం కాలేదు. తర్వాత మోచేతి నుంచి కొడుతుంటే ఉన్నట్టుండి పై దిమ్మ మొత్తం, కత్తితో కోసినట్టు, మా కాళ్ల మీదికి జారి వచ్చింది. అంతవరకు జోకులేసుకుంటున్న బ్యాచ్ మొత్తం చప్పబడిపోయింది. అయితే ఈ పరీక్షని నమ్ముకోవద్దనీ ఆయనే చెప్పాడు. ఇక్కడ గట్టిగా ఉంటే పదిగజాల అవతల గట్టిగా ఉంటుందని గ్యారంటీ లేదు. పోవద్దని చెప్పడానికి అది పనికొస్తుంది, పొమ్మని చెప్పడానికి పనికిరాదు.

గొయ్యి తవ్వడం రాకపోయినా కొండ ఇచ్చే హెచ్చరికలు కొన్ని ఎవరికైనా తెలుస్తాయి. పక్కన అలాంటి వాలు మీదే తాజాగా మంచు జారిన గుర్తు. నడుస్తుంటే కాళ్ల కింద "వుమ్మ్" అని నేల కుంగినట్టు బరువైన చప్పుడు. అడుగు వేయగానే మంచు మీద బీటలు ముందుకి పరిగెత్తడం. ఈ మూడింట్లో ఏది కనిపించినా, వినిపించినా, ఇంక చర్చ లేదు, వెనక్కి తిరగడమే. వీటితోబాటు గడిచిన ఒకటి రెండు రోజుల్లో గట్టిగా మంచు పడిందా, గాలి కొట్టిందా, ఒక్కసారిగా ఎండ ముదిరిందా అని చూసుకోవాలి. గాలిని మనవాళ్లు అస్సలు పట్టించుకోరు. ఆకాశంలోంచి చుక్క పడకపోయినా, గాలి ఒక పక్క మంచునంతా గీకి తెచ్చి రెండో పక్క గట్టి దిమ్మలా పేర్చేస్తుంది. అంచుల్లో బయటికి చూరులా సాగి కనిపిస్తుంది చూడండి, దాని మీదికి పోయి సెల్ఫీ దిగకూడదు, దాని కింద నడవకూడదు.

హెచ్చరికల బులెటిన్ మన దేశంలోనూ ఉంది. రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కింద డీజీఆర్ఈ అని ఒక సంస్థ, చండీగఢ్‌లో ఉంటుంది, ఒకప్పుడు సాసే అనేవాళ్లు. చలికాలమంతా కశ్మీర్, లడఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్, సిక్కిం ప్రాంతాలకి అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. ప్రపంచమంతా వాడే స్కేలులో ఒకటి నుంచి ఐదు దాకా ప్రమాద స్థాయిలు. మనకిక్కడ ఒక తిరకాసు ఉంది. కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే సరేలే అనుకుంటాం, తుపాను వచ్చినప్పుడు పది దాకా చూసినవాళ్లం, రేవు నంబర్లు పదకొండు దాకా ఉంటాయి కాబట్టి మూడంటే మన చెవికి చిన్న నంబరు. అక్కడ మొత్తం ఐదే, పైగా ఒక్కో మెట్టుకీ ప్రమాదం కొంచెం కొంచెంగా పెరగదు, ఎగబాకుతుంది. నాలుగు, ఐదు ఉన్నప్పుడు భయపడి జనం కదలరు. మూడు ఉన్నప్పుడు మధ్యస్తమే కదా అని బయల్దేరతారు, విదేశాల లెక్కల్లో చావుల్లో పెద్ద వాటా ఆ మూడో నంబరు ఉన్న రోజుల్లోనే. ఇంకోటి, బులెటిన్ ఇచ్చేది పెద్ద ప్రాంతానికి. మీ ముందున్న వాలు గురించి అందులో రాసి ఉండదు, అది మీరే చూసుకోవాలి.

ఇంతకీ ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా ఎందుకు పోతారు? నా ఉద్దేశంలో మన ఊరి కుర్రాళ్ల విషయంలో అసలు ముద్దాయి రిటర్న్ టికెట్. మేనేజర్ కాళ్లు పట్టుకుని సెలవ తెచ్చుకుంటారు, ఢిల్లీ నుంచి నెల్లూరికి రైల్లో బెర్తులు రెండు నెలల ముందే చేసుకుని ఉంటారు, తలా ఇరవై వేలు పెట్టి ఉంటారు. ట్రెక్‌లో శిఖరానికి ఒకే ఒక్క పొద్దు. ఆ ముందురోజు మంచు కురిసింది, గైడ్ "ఒక రోజు ఆగుదాం" అన్నాడు అనుకోండి, పదిమందీ కలిసి వాడి మీద పడతారు. గైడ్‌కి మాత్రం బతుకు భయం ఉండదా, రేటింగ్ తగ్గిస్తారేమోనని ఒప్పుకుంటాడు. అట్లా ఒప్పించడం నేను కళ్లారా చూశాను. ఆ రోజు ఏమీ కాలేదు, అందరూ పైకెక్కి జెండా పట్టుకుని ఫొటోలు దిగారు, దిగాక "చూశారా, అనవసరంగా భయపెట్టాడు" అని గైడ్‌నే ఎగతాళి చేశారు. ఏమీ కాకపోవడం వల్ల నేర్చుకున్న పాఠం అంత దరిద్రమైంది ఇంకోటి లేదు.

రెండోది, మంది. ముందు యాభైమంది పోతున్నారు కదా, వాళ్లకి తెలియదా అనిపిస్తుంది. వాళ్లూ అదే అనుకుంటున్నారు. అడుగుజాడలు ఉన్నాయంటే ఎవరో నడిచారని మాత్రమే అర్థం. మంచు పలక మందం చోటుకో రకంగా ఉంటుంది, ఇరవైమంది దాటాక ఇరవై ఒకటోవాడు పల్చటి చోట కాలేస్తే విరగొచ్చు. తెలిసినవాళ్లకి కాదులే అనే ధీమా కూడా పనికిరాదు. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర అవలాంచ్‌లో చిక్కుకున్నది ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం. 27 మంది మృతదేహాలు దొరికాయి. వాళ్లలో ఒక ఇన్‌స్ట్రక్టర్ సవితా కంస్వాల్, అదే ఏడాది మే నెలలో ఎవరెస్ట్, మకాలూ రెండూ 16 రోజుల్లో ఎక్కినావిడ. ఆవిడకి తెలియని మంచా?

అందుకని, దారి మళ్లించుకునే వీలు ఇంటి దగ్గరే పెట్టుకోండి. ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. శిఖరం వద్దనుకుంటే అడవిలోనే తిరిగి రావడానికి ఇంకో ప్లాన్ ఉండాలి, దట్టమైన అడవిలో తక్కువ వాలున్న దారులు బోలెడు. అనుమానమున్న వాలు తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి కళ్లార్పకుండా చూస్తుండాలి. వీడు దాటాక వాడు. గుంపుగా రైలుబండిలా పోతే బరువూ ఎక్కువ, పడితే అందరూ పడతారు, తవ్వేవాడు మిగలడు. బ్యాగు నడుం పట్టీ, కర్రల తాళ్లు వదులు చేసుకోవాలి. వాగు గుంటలు, ఇరుకు లోయలు, కింద బండలున్న చోట్లు మరీ ప్రమాదం, చిన్న అవలాంచ్ కూడా అక్కడ నిలువెత్తున పేరుకుంటుంది. ఫిబ్రవరి దాటాక అయితే ఎండ ముదరకముందే, పొద్దున్నే దాటేసి మధ్యాహ్నానికి వాలు కిందినుంచి బయటపడిపోవాలి.

మంచులో కూరుకుపోతే? ఆగిన మరుక్షణం ఆ మంచు గట్టిపడిపోతుంది, వేలు కూడా కదపలేరు. మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికేవాళ్లే ఎక్కువ, అరగంట దాటితే ముగ్గురిలో ఇద్దరు ఉండరు. కింది ఊరి నుంచి రెస్క్యూ టీమ్ వచ్చేసరికి గంటలు పడుతుంది. అంటే తీయాల్సింది పక్కనున్న మీ ఫ్రెండ్సే. దీనికి ఎవరో ఒకరు సియాచిన్ సంగతి ఎత్తుతారు, 2016 ఫిబ్రవరిలో లాన్స్‌నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికాడు కదా అని. నిజమే, దేశమంతా దండం పెట్టుకుంది. కానీ ఆయనా ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న పోయాడు. ఆయనతో ఉన్న తొమ్మిదిమందిలో ఒక్కరూ దక్కలేదు, వాళ్లలో మన కర్నూలు జిల్లా జవాను ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. ఆ ఒక్క అద్భుతాన్ని పట్టుకుని లెక్కలు వేసుకోకూడదు.

తీయడానికి మూడు వస్తువులు కావాలి: బీకన్ (ఒంటికి కట్టుకునే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార. ప్రతి ఒక్కరి దగ్గరా మూడూ ఉండాలి, ఒకడి బ్యాగులో మూడూ పెట్టి వాడే కూరుకుపోతే చేసేదేం లేదు. బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతుంది, మిగతావాళ్లు తమ బీకన్‌ని వెతికే మోడ్‌కి మార్చి దాన్ని పట్టుకుంటారు. గుల్మార్గ్‌లో అద్దెకి దొరుకుతాయి. మామూలు ట్రెక్కుల్లో చాలామంది ఇవ్వరు, డబ్బు కట్టే ముందే అడగండి, అడిగితే ఏం అంటారో వినండి. "అవసరం లేదు సార్" అని నవ్వేస్తే ఏ వాలు మీదుగా తీసుకుపోతారో, ఎంత మంచు పడితే రద్దు చేస్తారో కూడా అడగండి.

వస్తువు ఉంటే చాలదు, చేతికి అలవాటు కావాలి. మేం మైపాడు బీచ్‌లో ప్రాక్టీస్ చేస్తాం. ఒకరు బీకన్‌ని స్టీలు కాని డబ్బాలో పెట్టి పొడి ఇసుకలో మోకాలి లోతు పూడ్చి వస్తారు, ఇంకొకరు వెతకాలి. తెరమీద 38 అని, అంటే సుమారు అన్ని మీటర్ల దూరమని వస్తుంది, బాణం చూపిన వైపు పరిగెత్తాలి, 25, 14, 9, అక్కడి నుంచి నిదానం. 3 దాటాక బీకన్‌ని నేలకి ఆనించి అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ జరుపుతూ అన్నిటికంటే చిన్న అంకె వచ్చిన చోట గుర్తు పెట్టాలి. ఆ గుర్తు చుట్టూ జానకి కొంచెం ఎక్కువ దూరంలో ఒక్కో పోటు చొప్పున ప్రోబ్ గుచ్చుకుంటూ పోవాలి. తగిలాక ప్రోబ్ పీకకూడదు, వాలుకి కింది వైపు నుంచి తవ్వుకుంటూ పోవాలి. మొదటిసారి మా వాళ్లకి ఫోన్ జేబులో ఉండటం వల్ల అంకెలు పిచ్చి పిచ్చిగా ఎగిరాయి. వెతికేటప్పుడు ఫోన్ కనీసం అర మీటరు దూరంలో ఉండాలి, స్విచాఫ్ అయితే ఇంకా నయం. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన చాలాసేపు చూసి, "ఏం నాయనా, లంకెబిందెలా?" అని అడిగాడు. కాదు తాతా, మనిషిని వెతకడం నేర్చుకుంటున్నాం అంటే వల పక్కన పెట్టి లేచొచ్చాడు పాపం, ఎవరో సముద్రంలో పోయారనుకుని.

మేనల్లుడు శిఖరం ప్లాన్ పూర్తిగా మానుకోలేదు, కానీ ఒక రోజు అదనంగా పెట్టుకున్నాడు, టికెట్ మార్చుకున్నాడు, ట్రెక్ వాళ్లని నేను చెప్పిన ప్రశ్నలు అడిగి ఒక కంపెనీని వదిలేసి ఇంకో దాన్ని పట్టుకున్నాడు. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి వాడి బ్యాచ్‌తో మైపాడులో ఉంటాం. రావాలనుకునేవాళ్లు రావచ్చు. బీకన్లు ఉన్నాయి, పారలే తక్కువ, ఇంట్లో ఏది ఉంటే అది తెచ్చుకోండి. బీకన్ సొంతంగా కొన్నవాళ్లు ఆల్కలైన్ బ్యాటరీలు కొత్తవి వేసుకుని రండి, కంపెనీ ఒప్పుకుంటే తప్ప రీచార్జబుల్ వద్దు, ఎంత చార్జి మిగిలిందో తప్పు చూపిస్తాయి.